లోపలి కావలి

జస్వికకు ఏడో నెల వచ్చింది. కార్తీక మాసంలో మంచి రోజు చూసి అన్నప్రాశన పెట్టుకున్నారు. ఆ పొద్దున్నే కాకినాడ నుంచి బయలుదేరి, పంటు మీద గోదావరి పాయ దాటి మొగలిలంకలో దిగిన డాక్టర్ సౌదామినిని పిల్ల తండ్రి వీర్రాజు రేవులోనే అందుకున్నాడు. ఆ పంటు నడిపేది అతనే. ఆ రోజుకి తమ్ముడికి అప్పజెప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆవిడ చేతిలో సంచీ లాక్కున్నంత పని చేసి ముందు నడిచాడు. దారి పొడుగునా ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని గడపల్లోకి వచ్చి దణ్ణాలు పెడుతున్నారు. సౌదామినికి మొహమాటంగానే ఉంది, లోలోపల సంతోషంగానూ ఉంది. నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో సగభాగం ప్రయోగశాలలో ఎలుకల మధ్య గడిపిన మనిషికి ఇలాంటి రోజు మళ్ళీ మళ్ళీ రాదు.

వాళ్ళు దణ్ణాలు పెట్టడానికి కారణం శ్రావణంలో వచ్చిన వరద. పదకొండు రోజులు నీళ్ళు లంకల మీదే నిలిచాయి. బావులూ గోదారీ ఒకటైపోయాయి. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. చుట్టుపక్కల లంకల్లో తొమ్మిది మంది చంటిపిల్లలు పోయారు. మొగలిలంకతో కలిపి నాలుగు ఊళ్ళలో మాత్రం సౌదామిని చుక్కలు వేయించిన నలభై ఒక్క మంది పిల్లల్లో ఒక్కరికీ కడుపు కదల్లేదు.

గొంతులో టాన్సిల్స్ ఉంటాయని అందరికీ తెలుసు. అలాంటి మెత్తని కణజాలమే ముక్కు వెనక, ఊపిరి దారుల్లో, పేగు గోడల్లో గుంపులు గుంపులుగా ఉంటుంది. ఒంటి లోపలి తడి గోడలన్నిటికీ అదే కావలి. లోపలికి వచ్చిన ప్రతిదాన్నీ తడిమి చూసి, ఇది తిండి, పోనియ్యి, ఇది రోగం, పట్టుకో అని తేల్చేది అదే. పసిపిల్లల్లో ఆ కావలి ఇంకా నిద్రమత్తులో ఉంటుంది. సౌదామిని తయారుచేసిన చుక్కల్లో ఒక సూక్ష్మజీవి ఉంది, సాధువు లాంటిది. అది పేగులోని ఆ గుంపుల మీద కాపురం పెట్టి వాటిని మూడింతలు పెంచుతుంది. ఇక ఎప్పటికీ కునుకు తియ్యనివ్వదు. పుట్టిన రెండో నెలలో నాలుక మీద మూడు చుక్కలు వేస్తే చాలు. ఆ తర్వాత ఏ నీళ్ళు తాగినా బిడ్డకు భయం లేదు.

పిల్ల తల్లి సత్యవేణి ఇరవై రెండేళ్ళది. పీట మీద కూర్చుని, జస్వికను ఒళ్ళో పెట్టుకుని, పాయసం గిన్నె సౌదామిని వైపు జరిపింది.

"మొదటి ముద్ద మేనమామ పెట్టాలి కదమ్మా," అంది సౌదామిని.

"మా అన్నయ్య రెండో ముద్ద పెడతాడండి. వరదలో పక్కూళ్ళ పిల్లలు పిట్టల్లా రాలిపోతే ఇది నవ్వుకుంటా ఆడుకుందండి. మీ సేత్తోనే పెట్టాల. మీరు పెట్టకపోతే నేను లెగను."

అందరూ నవ్వారు. సౌదామిని చెయ్యి కడుక్కుని, మెత్తగా ఉడికిన అన్నం పాయసం వేలి కొసకు తీసుకుని పిల్ల నాలుకకు అంటించింది. జస్విక చప్పరించింది. కళ్ళు పెద్దవి చేసి, ఇంకా కావాలన్నట్టు ఆ వేలును రెండు చేతులా పట్టుకుంది. ఇంకో రెండు సార్లు పెట్టింది సౌదామిని. మేనమామ పెట్టాడు, తాతయ్య పెట్టాడు.

తర్వాత చాప మీద పుస్తకం, కలం, కత్తి, కాసింత మట్టి, బంగారపు గొలుసు పెట్టి, పిల్లను ఎదురుగా వదిలారు. ఏది పట్టుకుంటే ఆ జాతకం. జస్విక బోర్లాపడి కలం వైపు పాకింది. "డాట్రమ్మ గారి పోలికే," అన్నారెవరో. సగం దూరంలో ఆగింది. తల కిందికి వాల్చేసింది. ఆడుతోందనుకున్నారు. రెండు క్షణాల్లో కక్కుకుంది, మళ్ళీ కక్కుకుంది. మూడోసారి పాయసం లేదు, నెత్తురు జీర ఉంది. సత్యవేణి ఎత్తుకునేసరికి పిల్ల ఒళ్ళు మడత పెట్టిన తువ్వాలులా చేతుల మీద వాలిపోయింది. పెదాలు సున్నం రంగుకు తిరిగాయి.

ఊరి నర్సు గ్రేసమ్మ ఆ పందిట్లోనే ఉండబట్టి పిల్ల దక్కింది. పంటు మీదే, నడి గోదాట్లో, దారం పోగులా చిక్కిన నరాన్ని వెతికి పట్టుకుని సెలైన్ ఎక్కించింది. సౌదామిని సీసా ఎత్తి పట్టుకుని నిలబడింది. సత్యవేణి ఒక్కటే మాట అంటోంది, "పాలల్లో ఏదో పడుంటాది, పాలల్లో ఏదో పడుంటాది."

కాకినాడలో సౌదామిని పనిచేసే పరిశోధన కేంద్రంలోనే ఉన్న చిన్న వార్డులో రెండు రోజులు గడిచేసరికి జస్విక తేరుకుంది. తల్లిపాలు తాగి నవ్వింది. అందరూ పాయసం చెడిపోయిందనే అనుకున్నారు. సౌదామిని కూడా అలాగే అనుకుంది. అనుకోవాలనే అనుకుంది.

నాలుగో రోజు కొత్తరేవు నుంచి కబురొచ్చింది. నాగమణి అనే ఆవిడ కొడుకు హర్షిత్‌కు రాగిజావ పట్టించారట. పట్టించిన గంటలో నెత్తురు విరేచనం. పంటు అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేలోపే పిల్లాడు పోయాడు. ఆ మర్నాడు ఇంకో పిల్లకు అరటిపండు పెడితే మళ్ళీ అదే నెత్తురు. ముగ్గురూ చుక్కలు వేసిన పిల్లలే.

సౌదామిని తలుపు వేసుకుని పనిలో కూర్చుంది. జస్విక పేగు నుంచి తీసిన ఆవగింజంత ముక్కను గాజు పళ్ళెంలో బతికించి ఉంచారు. దాని మీద సత్యవేణి పాలు ఒక చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూసింది. కావలి కణాలు తడిమి చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాయి. గంజి చుక్క వేసింది. అవి ఒక్కసారిగా ఉబ్బి, గంజి చేరిన చోటికల్లా మూగి, తమ గోడనే చీల్చుకుంటూ దాడికి దిగాయి. పప్పు తేట, ఆవుపాలు, అరటిపండు రసం వేసినా ఇదే తంతు. ఇంకో తల్లి పాలు వేసినా ఇదే.

ఆవిడకు అర్థమైంది. కావలికి కొత్తవాళ్ళను పరిచయం చేసుకునే తీరిక కూడా నిద్రమత్తులోనే ఉంటుంది. బిడ్డ పుట్టిన మొదటి ఏడాది అది సగం కళ్ళు మూసుకుని ఉండేది అన్నాన్ని, పప్పును, లోకంలోని తిండినంతా చుట్టంగా ఒప్పుకోవడానికే. ఆ నిద్రను తాను పోగొట్టింది. రెండో నెలలో మేలుకున్న కావలికి అప్పటికి తెలిసినది ఒక్కటే, కన్నతల్లి పాలు. తక్కినదంతా శత్రువే.

ఎలుకల్లో ఇది ఎందుకు బయటపడలేదు? చుక్కలన్నీ తిండి మరిగిన ఎలుకలకే వేశారు కనుక. ఒక్క ఈత కూనలకు తప్ప. సౌదామిని లేచి వెళ్ళి మూడేళ్ళ కిందటి రిజిస్టరు తీసింది. పాలు తాగే వయసులో చుక్కలు వేసిన తొమ్మిది కూనలు మేత మొదలైన వారంలో వరసగా చచ్చిపోయాయి. ఎదురుగా తన దస్తూరీతోనే కారణం రాసి ఉంది. తల్లి పట్టించుకోకపోవడం. ఆ రోజు ఏదో సమావేశం ఉంది. తొందరలో రాసింది. ఇంకోసారి చేసి చూడాలనుకుంది, చూడలేదు.

ఆ రిజిస్టరు పట్టుకుని డైరెక్టర్ పరాంకుశం గారి గదిలోకి వెళ్ళింది. ఆయన అంతా విన్నాడు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"వచ్చే నెల రాష్ట్రమంతా వెయ్యడానికి అనుమతి రాబోతోంది, సౌదామినీ. వరదలో నలభై ఒక్క ప్రాణాలు నిలబెట్టిన మందు ఇది. ముగ్గురు పిల్లల తిండి దగ్గర ఏదో పొరపాటు జరిగింది. ఆ ఇళ్ళ పరిస్థితి నీకు తెలియంది కాదు. తల్లుల అశ్రద్ధ అని రాస్తే నమ్మని వాళ్ళుండరు."

"ఒకసారి రాశానండి అలాగే," అంది సౌదామిని. "ఎలుక కాబట్టి ఎదురు చెప్పలేదు."

ఆ సాయంత్రమే ప్రభుత్వానికీ పత్రికలకూ తన పేరుతో ఉత్తరం పంపించింది. అనుమతి ఆగిపోయింది. విచారణ సంఘం వచ్చింది. పరాంకుశం గారు పదవి వదులుకున్నారు. సౌదామినిని కొత్త ప్రయోగాలు ఏవీ చెయ్యరాదన్నారు, ఆ పిల్లల వైద్యం వరకూ మాత్రం ఉండమన్నారు, ఆ చుక్కల గుట్టు తెలిసిన మనిషి మరొకరు లేరు కనుక.

ఉత్తరం పంపిన మర్నాడే గ్రేసమ్మను వెంటబెట్టుకుని లంకలకు వెళ్ళింది. కొత్తరేవు బడి వరండాలో తల్లులను కూర్చోబెట్టి, దాచకుండా చెప్పింది. మీ పిల్లలకు మీ పాలు తప్ప ఏమీ పెట్టొద్దు. ఒక్క మెతుకు కూడా. చుక్కల్లో తప్పు ఉంది. ఆ తప్పు నాది.

గోడవారన కూర్చున్న ఒక తండ్రి లేచి ఆవిడ మీదికి చెయ్యెత్తాడు. గ్రేసమ్మ అడ్డం వెళ్ళింది. "ఆ చుక్కలు ఏసింది నా సేత్తోనండి. కొడితే నన్ను కొట్టండి ముందు," అంది. ఆయన చెయ్యి దించి, వరండా స్తంభానికి తల ఆనించుకుని ఏడ్చాడు.

అప్పుడు వెనక నుంచి నాగమణి లేచి వచ్చింది. కొడుకు పోయి పది రోజులైంది. పాలు కారి ఆవిడ జాకెట్టు తడిసి ఉంది. పక్కనే ఒక ముసలావిడను మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఈవిడ మా అత్తగారండి. నేను పెట్టిన జావ వల్లే పిల్లోడు సచ్చిపోయేడని పది రోజుల్నుంచీ అంటందండి. మందు వల్లే పోయేడని ఈవిడికి సెప్పండి. అందరూ ఇనేటట్టు సెప్పండి."

సౌదామిని చెప్పింది. ముసలావిడ వైపు తిరిగి, వరండా చివరి దాకా వినపడేటట్టు గట్టిగా చెప్పింది. నాగమణి తల ఊపి, అత్తగారి చెయ్యి వదిలేసి, ఒక్కతే ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ చలికాలమూ ఎండాకాలమూ ఆ నాలుగు ఊళ్ళలో అన్నం దొంగ సొత్తైపోయింది. సత్యవేణి ఇంట్లో పొయ్యి పెరటి అవతలికి మారింది. ఒకరు పిల్లను రేవుకు తీసుకెళ్తే మిగతావాళ్ళు తలుపు వేసుకుని గబగబా నాలుగు ముద్దలు మింగేవారు. తిన్న చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని, నోరు పుక్కిలించి, అప్పుడు ముట్టుకునేవారు. జస్వికకు అడుగులు వచ్చాయి. అడుగులతో పాటే నేల మీద ఏది కనిపిస్తే అది నోట్లో పెట్టుకునే వయసూ వచ్చింది. తాతయ్య రోజంతా చీపురు పట్టుకుని వెనకే తిరిగేవాడు. ఒకసారి చాప సందులో ఎండిన మెతుకు ఒకటి మిగిలిపోయింది. ఆ ఒక్క మెతుక్కి వారం రోజులు వార్డులో ఉంది పిల్ల.

విదేశం నుంచి ఒక పొడి తెప్పించింది సౌదామిని. మాంసకృత్తులను ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టి చేసినది. కావలి దాన్ని గుర్తుపట్టదు. కానీ చేదు, పైగా ఎండు చేపల కంపు. పిల్లలు నాలుగు చెంచాలకు మించి మింగేవారు కాదు. ముక్కులో గొట్టం వేసి ఎక్కిస్తే బతుకుతారు, అంతే. వేసవి నడిమికి హర్షిత్‌తో కలిపి నలుగురు పోయారు. మిగిలిన ముప్పై ఏడుగురికీ తలలు పెద్దవిగా, కాళ్ళు పుల్లల్లా కనిపించేవి. జబ్బు మాత్రం ఒక్కటీ లేదు. పేగుల్లోకి ఏ క్రిమీ వచ్చి బతకలేదు. రక్త పరీక్షలు చూసిన వైద్యులు ఇంత ఆరోగ్యమైన పేగులు ఎప్పుడూ చూడలేదనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా సౌదామిని బయటికి వెళ్ళిపోయేది.

మే నెలలో సత్యవేణికి పచ్చకామెర్లు వచ్చాయి. మూడు వారాల్లో పాలు తగ్గిపోయాయి. జస్విక ఎండిపోయిన రొమ్ము పట్టుకుని ఏడ్చి, ఆ తర్వాత ఏడుపు కూడా మానేసింది. వార్డుకు తీసుకొచ్చేసరికి పదమూడు నెలల పిల్ల అయిదున్నర కిలోలుంది.

అప్పటికి, ఆ పిల్లల వైద్యం కోసమని విచారణ సంఘం ఒప్పుకోగా తయారుచేసిన ఇంకో మందు సౌదామిని దగ్గర ఉంది. చెరిపే మందు. కావలి గుంపుల్లోని కణాలను వెతికి వెతికి చంపుతుంది. ఎలుకల్లో పని చేసింది. మందు ఎక్కించిన కూనలు మేత తిని, బొద్దుగా పెరిగి, బోనంతా తిరిగాయి. అయితే ఆ కావలి ఒక్క పేగుకే పరిమితం కాదు. పేగులో చదువుకున్న కణాలే గొంతుకూ, ఊపిరితిత్తులకూ, కళ్ళకూ వెళ్ళి అక్కడ కాపు కాస్తాయి. మందుకు ఇక్కడా అక్కడా అన్న తేడా తెలియదు. బోను శుభ్రంగా ఉంచినంత కాలం కూనలు బతికాయి. మామూలు ఎలుకల బోనులోకి మార్చిన కూనల్లో సగం నెల తిరక్కుండానే పోయాయి.

ఇదంతా సత్యవేణికీ వీర్రాజుకూ చెప్పింది. విచారణ సంఘం వాళ్ళు కాగితం మీద రాయించిన భాషలో కాదు, తన మాటల్లో.

"అంటే దానికి తాళం లేని ఇల్లు లాగైపోద్దన్నమాట ఒళ్ళంతా," అన్నాడు వీర్రాజు.

"అవునండి. పొడి మీద ఉంచితే బతుకుతుంది. ఎన్నాళ్ళో చెప్పలేను. గొట్టం తియ్యడానికి ఉండదు."

"అయితే పొడే ఉంచండి. బతికుంటే చాలు మాకు. ఎప్పుడో ఒకప్పుడు మందు కనిపెట్టరా మీరు?"

సత్యవేణి ఇంకా పసుపు పచ్చగానే ఉంది. మంచం పట్టె మీద కూర్చుని, పిల్ల ముక్కులో గొట్టాన్ని సవరిస్తూ అంది:

"నువ్వు పొద్దున్నే పంటు మీదకెళ్ళిపోతావు. నీకు తెల్దు. మొన్న ఎదురింటోళ్ళ పిల్ల జంతిక తింటంటే ఇది గుమ్మంలో నిలబడి నోరు కదుపుతాందయ్యా. ఏం లేదు నోట్లో. ఉత్తినే నములుతాంది. ఆ పిల్ల నమిలినంతసేపూ నమిలి, ఆ పిల్ల మింగితే ఇదీ మింగింది." ఊపిరి తీసుకుంది. "బతికుంటే చాలని నేనూ అనుకున్నా. ఇప్పుడు అనుకోటం లేదు."

వీర్రాజు బయటికి వెళ్ళి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. తిరిగి వచ్చి, కాగితం మీద సంతకం చేసి, భార్యకు కలం ఇచ్చాడు.

సత్యవేణి సంతకం చేసే ముందు సౌదామిని వైపు చూసింది. "మీకైతే ఏం సేత్తురండి?"

"నాకు పిల్లల్లేరమ్మా. ఉన్నా చెప్పలేను. నేను చెప్తే నువ్వు నమ్ముతావు, ఆ నమ్మకం ఒకసారి పాడుచేశాను."

సత్యవేణి సంతకం చేసింది.

జూన్ రెండో వారంలో మందు ఎక్కించారు. వారం తర్వాత తల్లినీ పిల్లనూ వార్డు చివర గాజు తలుపుల గదిలోకి మార్చారు. గాలి వడకట్టి వచ్చేది. బట్టలు ఆవిరి పట్టి వచ్చేవి. లోపలికి వెళ్ళే వాళ్ళు తల నుంచి పాదాల దాకా తొడుగులు వేసుకునేవారు. పదో రోజున పేగు ముక్క తీసి గాజు పళ్ళెంలో గంజి చుక్క వేసింది సౌదామిని. ఏమీ కదల్లేదు. దాడి చెయ్యడానికి అక్కడ ఎవరూ లేరు.

మొదటి ముద్ద సత్యవేణే పెట్టింది. ఉప్పు వేసి మెత్తగా ఉడికించిన అన్నం. జస్విక దాన్ని బుగ్గలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఏం చెయ్యాలో తెలియలేదు. గాజు తలుపు అవతల సౌదామిని, గ్రేసమ్మ అద్దానికి ఆనుకుని నిలబడ్డారు. సత్యవేణి మూతి మీది తొడుగు కిందికి లాగి, నోరు పెద్దగా తెరిచి, నమిలి చూపించింది. పిల్ల అమ్మ నోటి వంక చూసి, తనూ నమిలింది, మింగింది. అందరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. అరగంట దాటింది. గంట దాటింది. రెండు గంటలు దాటాక జస్విక గిన్నె వైపు చెయ్యి చాచి గట్టిగా ఒక కేక పెట్టింది. గ్రేసమ్మ గోడకు చేరబడి, "ప్రభువా" అని కూలబడిపోయింది.

ఆ తర్వాత పిల్ల తిండి చూసి వార్డంతా ముచ్చటపడింది. ముద్దపప్పు, నెయ్యి, ఇడ్లీ, గుడ్డు, చారన్నం. పచ్చివి పెట్టకూడదు గనక మామిడిపండు కూడా ఉడకబెట్టే పెట్టారు. అదీ ఇష్టంగానే తింది. వీర్రాజు ఆదివారాలు వచ్చి, గాజు అవతల నిలబడి, తన క్యారేజీలో అన్నం తాను తినేవాడు, కూతురు లోపల తినేది. నెల తిరిగేసరికి ఎనిమిది కిలోలు దాటింది. లంకల్లోని తల్లులు తమ పిల్లలకు ఎప్పుడు చేస్తారని గ్రేసమ్మను నిలదీయడం మొదలుపెట్టారు. ఆగమంది సౌదామిని. ఇంకో రెండు నెలలు చూద్దామంది. కానీ ఆవిడా రాత్రి పడుకునే ముందు లెక్కలు వేసుకుంటూ ఉండేది. ఆరు నెలలకు లోపలి గుంపులు తిరిగి మొలకెత్తితే, ఈసారి నిదానంగా, అన్నం పప్పుల మధ్య మొలకెత్తితే అని.

అన్నం మొదలుపెట్టిన నలభయ్యో రోజున జస్వికకు కళ్ళు ఎర్రబడ్డాయి. మామూలు పిల్లలకు రెండు రోజుల జలుబుతో పోయే వైరస్ అది. ఎలా వచ్చిందో ఎవరికీ తెలియలేదు. గాలి జల్లెడ బాగానే ఉంది, తొడుగులు బాగానే ఉన్నాయి. వెతికి వెతికి ఊరుకున్నారు. మొదటి రోజు కళ్ళు, రెండో రోజు నోటి నిండా పుళ్ళు, మూడో రోజు ఊపిరితిత్తులు. తడి గోడ అన్నదల్లా దానికి తెరిచి ఉన్న ఇల్లే. ఉన్న మందులన్నీ వాడారు. వేరే వాళ్ళ రక్తం నుంచి తీసిన రక్షక ద్రవం ఎక్కించారు. అది నెత్తుట్లో తిరిగింది కానీ తడి గోడల మీదికి చేరలేదు. మూడో రోజు మధ్యాహ్నం దాకా పిల్ల తిండి అడుగుతూనే ఉంది. నోరు పుండయి తినలేక, గిన్నెను పొట్ట మీద పెట్టుకుని పడుకుంది.

నలభై మూడో రోజు, గురువారం పట్టపగలు జస్విక చనిపోయింది.

సత్యవేణి పిల్లకు స్నానం చేయించింది. తొడుగులూ జాగ్రత్తలూ ఇంక అక్కర్లేదు గనక వీర్రాజు లోపలికి వచ్చాడు, నెలన్నర తర్వాత మొదటిసారి కూతుర్ని ఎత్తుకున్నాడు. సౌదామిని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఒక అడుగు ముందుకు వెయ్యబోతే సత్యవేణి చెయ్యి అడ్డం పెట్టింది. కోపంగా కాదు. ఇంక చాలు అన్నట్టు.

ఇరవై రోజుల తర్వాత ముప్పై ఆరుగురు తల్లులు కేంద్రానికి వచ్చారు. అంతమందికి గది చాలక వార్డు మధ్యలో జంపఖానా పరిచారు. పిల్లలు ముక్కుల్లో గొట్టాలతో ఒళ్ళలో వాలి ఉన్నారు. సౌదామిని జరిగినదంతా చెప్పింది. మందు ఎలా పని చేసిందో, ఎక్కడ ఓడిపోయిందో, ఇప్పుడు తన చేతిలో ఏముందో, ఏం లేదో. గాలి వడకట్టే గదులు ఇంకా ఆరు కట్టిస్తున్నారని చెప్పింది. అలాంటి గదిలో ఉన్నా జస్విక పోయిందని కూడా చెప్పింది. ఏ తల్లికి ఏది మంచిదో తాను చెప్పలేనంది.

చెబుతుండగానే తలుపు దగ్గర సత్యవేణి కనిపించింది. గ్రేసమ్మ పిలిచిందట. సౌదామిని లేచి నిలబడింది.

"కూకోండి," అంది సత్యవేణి. "నేను మిమ్మల్ని క్షమించటానికి రాలేదండి. నా వల్ల అది అవ్వదు. ఈళ్ళు నన్ను అడగాలంట, అందుకొచ్చాను."

జంపఖానా మీద వాళ్ళ మధ్యలోకి వచ్చి కూర్చుంది. అందరికీ అడగాలని ఉంది. చివరికి పక్కనున్న రాఘవమ్మ, ఒళ్ళో పిల్లాడి తల నిమురుతూ, చిన్నగా అడిగింది.

"ఏం తిందే, వేణీ?"

సత్యవేణి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఉప్పన్నం. నమలడం రాలేదు, నేను నేర్పాను. రెండో వారం ముద్దపప్పు. నెయ్యంటే పడి చచ్చేది. గుడ్డులో పచ్చసొన తిని తెల్లది ఉమ్మేసేది. ఇడ్లీ తనే పట్టుకుని తినేది, సగం జుట్టుకి పూసుకునేది. చారన్నం పెడితే వేళ్ళు నాకేది. ఒక్కోటీ చెబుతూ ఉంటే తల్లులు వింటున్నారు. దీని ముఖం ఎలా పెట్టింది, దాన్ని ఎన్నిసార్లు అడిగింది అని మధ్యలో అడుగుతున్నారు. అన్నం సంగతులు వింటూ కొందరు నవ్వారు కూడా. తర్వాత చివరి నాలుగు రోజులూ చెప్పింది. నోటి పుళ్ళు, గిన్నె పొట్ట మీద పెట్టుకోవడం, ఏదీ దాచలేదు. ఒక్క చోట మాత్రం ఆగి నీళ్ళు తాగింది.

"నేను సెయ్యమనీ సెప్పను, వద్దనీ సెప్పను," అని ముగించింది. "మళ్ళీ నన్నడిగితే ఏం సేత్తానో నాకే తెల్దు. నలభై మూడు రోజులు. తిన్న రోజులు మటుకు బాగా తింది."

మధ్యాహ్నానికి ఇరవై ఇద్దరు తల్లులు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు. పద్నాలుగు మంది ఉండిపోయారు. వెళ్ళినవాళ్ళు ఉండిపోయినవాళ్ళను ఏమీ అనలేదు, వీళ్ళూ వాళ్ళను ఏమీ అనలేదు.

రాఘవమ్మ అందరికంటే ముందు లేచింది. "మావోడికి సెయ్యండి."

"అంతా విన్నారు కదమ్మా," అంది సౌదామిని. "ఇంకో రోజు ఆలోచించుకోండి."

"ఇన్నానండి. తొమ్మిది నెలల్నుంచీ ఆలోచిత్తానే ఉన్నాను."

సౌదామిని చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా, ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. తిరిగి వచ్చేసరికి పిల్లాడు మంచం మీద ఉన్నాడు. సూది చూసి కాళ్ళు తన్నుకుంటున్నాడు. రాఘవమ్మ ఒక కాలు పట్టుకుంటే రెండోది విడిపించుకుంటున్నాడు. సత్యవేణి వెళ్ళిపోతుందనే అనుకుంది సౌదామిని. వెళ్ళలేదు. మంచం చివరికి వచ్చి, ఆ రెండు పాదాలనూ తన చేతుల్లోకి తీసుకుని, గట్టిగా అదిమి పట్టుకుంది.

"ఎడం చేతికి గుచ్చండి," అంది సౌదామిని ముఖం వైపు చూడకుండానే. "ఈడు అన్నం తినాల కుడి సేత్తో."